అంబలి కాచిన మిలటరీ లారీ

సెలవు ముగించుకుని బడికి వెళ్లిన రోజు స్టాఫ్‌రూంలో అందరూ నా చుట్టూ మూగారు. శ్రీకూర్మం చూశారా, అరసవల్లి వెళ్లారా, పలాస జీడిపప్పు తెచ్చారా అని ఒకటే ప్రశ్నలు. ఏ గుడికీ వెళ్లలేదు, ఏ పప్పూ తేలేదు అన్నాను. నాలుగు రోజులు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో తిరిగి ఒక్క గుడి గడప తొక్కకుండా వచ్చిన మనిషిని మా ప్రొద్దుటూరులో వింతగానే చూస్తారు. నేను చేసిన తీర్థయాత్ర ఒక పాత మిలటరీ లారీలో, చేసిన సేవ దాని రేడియేటర్‌కి. ఇప్పటికీ తలచుకుంటే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. అటు వెళ్లని వాళ్ల కోసం, ముఖ్యంగా గుండ అంటే ఏమిటో తెలియని వాళ్ల కోసం, ఇది రాస్తున్నాను.

లారీ మా మేనమామ నాగిరెడ్డిది. ఆయనకు డెబ్బై ఒక్కేళ్లు. సైన్యంలో డ్రైవరుగా చేసి వచ్చాక, ఆ సైన్యమే వేలం వేసిన ఈ బండిని కొనుక్కున్నాడు. పొడుగాటి ముక్కు, ఆకుపచ్చ రంగు, నాలుగు చక్రాలూ తిప్పుకుని ఎంత బురదలోంచైనా బయటపడే మొండితనం. మా అత్త దాన్ని సవతి అంటుంది. విశాఖపట్నంలో పాత బండ్ల ప్రదర్శన ఉందని తెలిసి, అంత దూరమూ దాన్ని తోలుకుంటూ వెళ్లాడు. ఆయన గుండెలో రెండు స్టెంట్లు ఉన్నాయి కాబట్టి మందుల డబ్బా నా చేతికిచ్చి అత్త నన్ను వెంట పంపింది. నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఇంజన్ని నీళ్లు ఎలా చల్లబరుస్తాయో ఏటా బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పే మనిషిని. ఈ మాట ఎందుకు చెప్పానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ప్రదర్శన అయిపోయిన ఆదివారం సాయంత్రం దానియేలు నుంచి ఫోను వచ్చింది. సైన్యంలో మామతో ఒకే యూనిట్లో పనిచేసిన మెకానిక్కు. ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా భావనపాడులో, సముద్రం ఒడ్డున ఉంటాడు.

"ఒరే నాగిరెడ్డీ, సముద్రం మీద వాయుగుండం లేసినాదంట్రా. గురువారానికి తుపానై మా మీదికే వస్తాదంటన్నారు. ఊర్లో ఉన్న ఒక్క ట్రాక్టరూ కూలబడిపోనాది. పదకొండు బోట్లు నీటి అంచునే ఉన్నాయి. నీ లారీ ఇశాపట్నంలోనే ఉన్నాదంట కదా. తెచ్చీరా బాబూ!"

మనుషులతో లాగించలేరా అని నేను అడిగాను. ఊళ్లో కండబలం ఉన్న మగవాళ్లలో సగం మంది గుజరాతు వైపు బోట్ల మీద కూలికి పోయారట. ఉన్నది ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు. కిందటి పెద్ద తుపానుకి దానియేలు మొదటి బోటు ముక్కలు ముక్కలై జీడితోటలో దొరికింది. ఆ పదకొండు బోట్లూ పోతే ఊరికి తిండి ఉండదు.

"బుధవారం మాపటికల్లా నీ ఇంటి ముందర ఉంటా" అని మామ మాటిచ్చేశాడు. మాట ఇచ్చేముందు బండి కింద ఒకసారి చూడాల్సింది.

విజయనగరం: బెల్లం పడిన కూర

సోమవారం పొద్దున్నే బయల్దేరాం. హైవే మీద లారీలు మా బండిని ఈగను తోలినట్టు తోలేస్తున్నాయని, మామ విజయనగరం మీదుగా చీపురుపల్లి దారి పట్టాడు. విజయనగరంలో తొందరగానే భోజనానికి దిగాం. ఆనపకాయ కూర నోట్లో పెట్టుకున్నాను, తియ్యగా తగిలింది. మా వైపు కూర అంటే కళ్లలో నీళ్లు తిరగాలి. నేను వడ్డించే అతన్ని పిలిచి, కూరలో పొరపాటున బెల్లం పడినట్టుందయ్యా అన్నాను.

"పొరపాటేటమ్మా, ఎయ్యకపోతే పొరపాటు గానీ" అని ఇంకో గరిటె వేసి వెళ్లిపోయాడు.

పనసపొట్టు కూర మాత్రం, ఆ ఆవ ఘాటుకి, రెండుసార్లు అడిగి వేయించుకున్నాను. మామ తినడం మానేసి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. లారీ ముక్కు కింద నేల తడిసి నల్లగా ఉంది. చెయ్యి కడుక్కోకుండానే వెళ్లి కింద దూరాడు. నేను వెనకాలే వెళ్లి వంగి చూశాను. రేడియేటర్ అడుగు నుంచి నీళ్లు చుక్కచుక్కగా రాలుతున్నాయి.

"ఏం మామా?"

"ఏంల్యా. ముసల్ది గదా, ముక్కు కారతాండాది" అన్నాడు. నవ్వలేదు.

ఊళ్లో బాగుచేసేవాళ్లను ఇద్దర్ని అడిగాం. ఇంత పాత బండిది ముట్టుకుంటే ఇంకోచోట ఊడుతుందని ఇద్దరూ చేతులెత్తేశారు. నాలుగు క్యాన్ల నీళ్లు కొని వెనక పెట్టుకుని, పోసుకుంటూ పోదామని బయల్దేరాం.

చీపురుపల్లి: గుండ

చీపురుపల్లి స్టేషను కనబడుతుండగా లారీ ముక్కులోంచి ఆవిరి గుప్పుమంది. మామ పక్కకు తీసి ఆపాడు. క్యాన్లన్నీ అప్పటికే ఖాళీ. ఎండలో దిగి, బానెట్ మీద చెయ్యి వేయబోయి కాలి, చెయ్యి విదిలించుకుంటూ నిలబడ్డాడు. మొహమంతా చెమట.

ఎదురుగా టీ బడ్డీలోంచి ఒక పెద్దాయన గ్లాసు పట్టుకుని తీరిగ్గా వచ్చాడు. తర్వాత తెలిసింది, పేరు సింహాచలం, ముప్పై ఏళ్లు లారీలు తోలి ఇంటిపట్టున ఉంటున్న మనిషి. రేడియేటర్ని చూశాడు, మామను చూశాడు, నాతో అన్నాడు.

"గుండేసీండమ్మా, ఆగిపోతాది."

నాకు వినబడింది రెండే మాటలు. గుండె, ఆగిపోతాది. మామ మొహాన చెమట ఉండనే ఉంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మందుల డబ్బా తెరిచి, గుండెనొప్పికి నాలుక కింద పెట్టే బిళ్ల తీసి, మామ దవడ పట్టుకుని నోట్లో కుక్కేశాను. ఆయన ఏందమ్మీ అనేలోగా గడ్డం పైకెత్తి నోరు మూసేశాను.

"ఓలమ్మో! ఆయనకేటైనాది?" అని సింహాచలం గ్లాసు వదిలేశాడు.

"మీరేగా అన్నారు, గుండె ఆగిపోతుందని!"

"గుండె కాదమ్మా, గుండ! గుండేస్తే కారడం ఆగిపోతాదన్నాను."

"గుండంటే ఏంటండీ?"

"గుండంటే గుండే. దానికేటుంటాది? ఏ కొంపకెల్లినా డబ్బాలో ఉంటాది. గుప్పెడు తెచ్చీండి, ఈలోగా నేను నీలు తెస్తాను."

బిళ్ల మహిమకు మామకు తల దిమ్మెక్కి, చెట్టు నీడన తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. నేను పక్క సందులో మొదటి ఇంటికి పరుగెత్తాను. ఒకామె గుమ్మంలో కూర్చుని చేటలో ఏదో చెరుగుతోంది.

"అమ్మా, కొంచెం గుండ ఇస్తారా?"

"ఏ గుండ?"

ఇక్కడ నేను నోరు విప్పి, లారీకి అని ఉంటే సరిపోయేది. ఆ ఊరి మాట నాకు తెలియదని బయటపడటం నామోషీ అనిపించింది. "ఏదైనా పర్లేదమ్మా, మెత్తగా ఉంటే చాలు" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. ఎండకు కమిలిన మొహం, చెదిరిన జుట్టు, పరాయి యాస. లోపలికి వెళ్లి సత్తుగిన్నె నిండా బూడిదరంగు పిండి తెచ్చిచ్చింది. "పొద్దున్నే ఆడించినాను. బేగి తీసుకెల్లు తల్లీ. కడుపులో సల్లగుంటాది" అంది. లారీ కడుపు గురించి ఇంత ప్రేమగా మాట్లాడే ఊరు ఎక్కడైనా ఉంటుందా అని నేను కరిగిపోయాను, ఆ హడావిడిలో అది ఏ పిండో చూడనే లేదు.

తిరిగొచ్చేసరికి సింహాచలం నీళ్లకని వెళ్లి ఇంకా రాలేదు. ఇంజను చల్లబడింది. సన్నటి పొడి నీళ్లలో కలిసి, పగుళ్లలో ఇరుక్కుని వాటిని మూసేస్తుంది కాబోలు అని సైన్సు బుర్రతో ఆలోచించాను. గుప్పెడు చాలన్నాడు గానీ ఇంత పెద్ద లారీకి గుప్పెడేం సరిపోతుందని గిన్నెడూ పోసేశాను. సింహాచలం బిందె తెచ్చి నీళ్లు నింపాడు. గుండేశారా అన్నాడు. వేశానన్నాను. కారడం ఆగిపోయింది! నేను గర్వంగా మామను లేపాను. దారి చూపిస్తానని సింహాచలం కూడా మాతో ఎక్కాడు.

నాలుగు కిలోమీటర్లు వెళ్లామో లేదో, ఇంజను వేడి చూపించే ముల్లు చివరికంటా పోయింది. మళ్లీ ఆపాం. కాసేపు ఆగి, సింహాచలం గోనెసంచి నాలుగు మడతలు వేసి, మూత మీద పెట్టి, ఒళ్లు దూరంగా జరుపుకుని తిప్పాడు.

ఆ తర్వాత జరిగింది నేను ఏ పాఠంలోనూ చెప్పలేదు. మూత ఎగిరి బుడగలు కక్కుతూ గోధుమరంగు ముద్ద నిలువెత్తున లేచింది. సింహాచలం చొక్కా మీద, బానెట్ మీద, అద్దం మీద, నా చీర మీద పడింది. చుట్టూ కమ్మటి వాసన. మామ తలుపు తీసుకుని దిగి, వేలితో తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, నా వైపు తిరిగాడు.

"అమ్మీ, ఇది రాగిసంగటి గదా!"

"ఓలమ్మో, ఓలమ్మో!" సింహాచలం గోనెసంచితో మొహం తుడుచుకుంటూ నెత్తి కొట్టుకున్నాడు. "పసుపుగుండ ఎయ్యమంటే సోడిగుండ ఏసీసినారేటమ్మా! పసుపైతే కన్నం మూస్తాది. సోళ్లు ఏడినీలల్లో ఏస్తే అంబలైపోదేటి?"

"మీరు పసుపని ఎక్కడన్నారు? గుండంటే గుండే అన్నారు!"

"లారీకి పసుపుగుండ కాకుండా ఇంకేటేస్తారు?"

వాళ్ల భాషలో పొడి ఏదైనా, పిండి ఏదైనా గుండే. మా రాగులు వాళ్లకు చోళ్లు, నోట పలికితే సోళ్లు. మధ్యాహ్నం పూట పరాయి ఆడది ఎండన పడి వచ్చి గుండ అడిగితే, ఆకలేసి అంబలి కాచుకోడానికే అనుకుంది ఆ మహాతల్లి. అటుగా రెండు గేదెలను తోలుకుపోతున్న ఒక ముసలమ్మ ఆగి, బానెట్ మీంచి కారుతున్నదాన్ని చూసి, సింహాచలాన్ని అడిగింది. "ఉప్పేసినారేటి?"

నాకు ఏడుపొచ్చింది. గురువారం తుపాను, అక్కడ పదకొండు బోట్లు, ఇక్కడ రేడియేటర్ గొట్టాల నిండా సంగటి. ఇటుకల లారీ ఒకటి మమ్మల్ని చీపురుపల్లి దాకా లాగింది. సాయంత్రం దాకా కడిగితే, ఇంతకుముందు చుక్కలుగా కారింది ఇప్పుడు ధారగా కారడం మొదలైంది. మామ నన్ను తిట్టకుండా వెళ్లి ధార కింద ఖాళీ క్యాను పెట్టాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. సింహాచలమే అన్నాడు, "తప్పు నాదీ ఉన్నాది. ఉత్తినే గుండ అనీసి ఊరుకున్నాను. రేడియేటర్ ఊడదీస్తాను. రేపు మీరూ నేనూ దీన్ని అట్టుకుని సికాకులం ఎల్దాం, మావ బండికాడ ఉంటాడు."

రాత్రి వాళ్లింట్లో మాకు చోడంబలి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ పెట్టారు. కళ్లు మూసుకుని తాగాను. చాలా బాగుంది.

శ్రీకాకుళం: టికెట్ కొన్న రేడియేటర్

మంగళవారం పొద్దున రేడియేటర్‌తో బస్సెక్కాం. ఇద్దరు మోస్తే గానీ లేవని బరువు. కండక్టరు దానికి లగేజీ టికెట్ కొట్టి నా చేతిలో పెట్టాడు. ముందు సీటులో ఉన్న ఒకామె వెనక్కి తిరిగి, ఇత్తడి అంచుల్ని, వరసగా ఉన్న రేకుల్ని చూసి, "ఏ ఊరి అమ్మోరిదమ్మా?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోగా కళ్లకద్దుకుంది. లారీది అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

శ్రీకాకుళంలో రేడియేటర్లు బాగుచేసే కొట్టుకి వెళ్లాం. కుర్చీలో కూర్చున్న అతను లేవకుండానే వేలితో కొట్టి చూశాడు. "ఇత్తడి, లోపల రాగి. ఇలాంటివి ఇప్పుడు ఎవులు ముట్టుకుంటారు? ఇది ఇక్కడ ఒగ్గీండి. అల్యూమినియంది తెప్పిస్తాను, వారం పడతాది."

"గురువారం తుపానండీ!"

"అయితే తుపాను ఎల్లిపోనాక రండి."

నేను అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. తుపాను అంటే వాళ్లకు బస్సు లాంటిదా, వెళ్లిపోయాక రావడానికి? పది రూపాయల టీ తాగి కొంచెం తేరుకున్నాను. సింహాచలం మాత్రం టీ తాగకుండా రేడియేటర్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"టీచరమ్మా, మనం దీన్ని బండి సామాననుకుంటన్నాం. అందుకే బండి కొట్లెంట తిరగతన్నాం. ఇదేటి? ఇత్తడిది. నీలు పోస్తాం. కారతన్నాది. ఇంట్లో ఇత్తడిబింది కారితే ఎవులికాడికెల్తారు?"

"మాటు వేసేవాళ్ల దగ్గరికి."

"మరిక లేవండి. బుడితి ఎల్దాం."

బుడితి: తోమకుండా ముట్టుకోని మనిషి

నరసన్నపేట మీదుగా ఆ ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఇత్తడి సామాన్లకు పేరున్న ఊరు. వీధిలో అడుగుపెడితేనే సుత్తి చప్పుళ్లు. జగ్గారావు అనే కంచరి ఇంటి అరుగు మీద రేడియేటర్ దించాం. అరవై దాటిన మనిషి, కళ్లద్దాలకు తాడు కట్టుకున్నాడు. బండి సామాను జన్మలో ముట్టలేదన్నాడు. ఆ తర్వాత కళ్లద్దాలు సర్దుకుని, లోపలికి తొంగి చూసి, నా మొహంలోకి చూశాడు.

"దీన్ని తోమి ఎన్నాళ్లైనాది?"

లారీ రేడియేటర్‌ని ఎవరైనా తోముతారా?

"తోమని పాత్ర నేను ముట్టనమ్మా" అని ఆయన లోపలికి పోయాడు. ఆయన భార్య ఈశ్వరమ్మ చింతపండు, బూడిద పట్టుకుని వచ్చింది. పైన బూడిదతో రుద్ది, లోపల చింతపండు పులుసు పోసి, ఇద్దరం రెండు చివర్లూ పట్టుకుని ఊయల ఊపినట్టు ఊపాం. బయటికి వచ్చిన నీళ్లలో ముద్దలు చూసి ఆమె ముక్కున వేలేసుకుంది.

"ఎవులమ్మా ఇందులో సోడంబలి కాసింది? మాడ్సీసినారు కూడాను!"

సింహాచలం ఆకాశంలోకి చూశాడు. నేనే అని ఒప్పుకున్నాను. ఆ రాత్రి వంటకి ఆమె నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు.

తోమాక అది చిలుం పట్టిన మిలటరీ ముక్క కాదు, పెళ్లిపీటల మీద పెట్టదగ్గ సామాను. అప్పుడు జగ్గారావు కూర్చున్నాడు. పైతొట్టి మాట్లు కాచి విప్పి, ఒక్కో రాగి గొట్టంలోంచీ సన్నటి ఇనప ఊచ దూర్చి తీశాడు. ఎన్ని గొట్టాలో నేను లెక్కపెట్టలేదు. ఆయన ఒక్కటీ వదల్లేదు. పగుళ్లు మూడు దొరికాయి. మాటు వేసి, తొట్టి మళ్లీ అతికి, అన్ని మూతులూ గుడ్డలతో బిగించి, ఒక మూతి దగ్గర నోరు పెట్టి, దాన్ని సిమెంటు కుండీలో ముంచమన్నాడు. మేమిద్దరం ముంచాం. ఆయన దవడలు ఉబ్బించి ఊదుతూనే ఉన్నాడు. ఒక్క బుడగ రాలేదు. దీనికి గాలిమిషను కావాలని నేను అంతకు ముందే ఆయనకు పాఠం చెప్పి ఉన్నాను. సిగ్గేసింది.

అంతా అయిపోయిందనుకుని ఊపిరి పీల్చుకుంటుంటే, ఈశ్వరమ్మ లోపల్నుంచి గుప్పెడు బియ్యం తెచ్చి, రేడియేటర్ మూత తీసి లోపల పోయబోయింది.

"అమ్మా! వద్దు!" అని నేను అరిచిన అరుపుకి వీధిలో సుత్తులు ఆగిపోయాయి.

"ఏటమ్మా అలగరుస్తావు? మాటేసిన పాత్ర ఉత్తదిచ్చీకూడదు. మీ ఇంటికి మంచిది కాదు."

"ఇది పాత్ర కాదమ్మా!"

"నీలు పోస్తే పాత్రే."

"నిన్న రాగిపిండి, ఇప్పుడు బియ్యం. ఇది లారీ అమ్మా, అన్నసత్రం కాదు!"

ఆమె మొహం చిన్నబోయింది. బియ్యం గుప్పిట్లోనే ఉంది. నాకు అప్పుడు తట్టింది, పక్కింటి గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు మా అమ్మ కూడా ఉత్తది ఇవ్వదు, ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసిస్తుంది. వాళ్ల అరుగు మీదే నిలబడి ఈశ్వరమ్మను కసిరినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. సింహాచలం మధ్యలో దూరి, "లోపలైతేనేటి, బయటైతేనేటి, ఉత్తది ఇచ్చీకుండా ఉంటే సాలు కదా" అన్నాడు. ఈశ్వరమ్మ ఆలోచించి, సరే అని, పసుపుగుడ్డలో బియ్యం మూటగట్టి మూతి మెడకు ముడివేసింది. నేను ఆమె చేతులు పట్టుకుని క్షమించమన్నాను. "ఆకలి మీద ఉన్నావు, అందుకే కోపం. పద, తిందూగాని" అంది.

భావనపాడు: పదకొండు బోట్లు

బుధవారం పొద్దున చీపురుపల్లి చేరి, పది గంటలకల్లా రేడియేటర్ బిగించారు. మామ దాన్ని నిమిరి, ఇంత తళతళలాడితే బండి సిగ్గుపడుతుందని నవ్వాడు. రెండు రోజుల్లో ఆయన నవ్వడం అదే మొదలు. సింహాచలం రానన్నాడు గానీ, బండి కదలగానే మనసు మార్చుకుని వెనక ఎక్కేశాడు. నరసన్నపేట, టెక్కలి దాటాం. ఆకాశం బూడిద రంగుకు తిరిగింది. చుక్క నీరు కారలేదు.

మూడు దాటాక భావనపాడు ఇసకలోకి దిగాం. దానియేలు సముద్రం వైపు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఎండకు వెలిసిపోయిన పాత సైనికుల టోపీ, మోకాళ్ల దాకా తడిసిన లుంగీ.

"వచ్చీసినావేట్రా!" అని మామను కావలించుకుని వదల్లేదు.

"ఇడ్సురా, చీకటి పడతాది" అన్నాడు మామ.

ఇనప తాడు ఒక కొస లారీకి, ఇంకో కొస బోటుకి. నీటి అంచు నుంచి సరుగుడు తోట వెనక మెట్ట దాకా లాగాలి. ఆడవాళ్లు బోటు కింద దుంగలు వేస్తూ, ముసలివాళ్లు పక్కకు ఒరగకుండా పట్టుకుంటూ వచ్చారు. ముందు ఎవరి బోటు అని అడిగితే, దానియేలు తనది చివర్న అన్నాడు. చర్చి సంఘం పెద్దను, నేను ముందు లాక్కుంటే ఆదివారం పాటెలా పాడతానని.

మెత్తటి ఇసకలో లారీ అరుస్తూ పాకింది. ఒక్కో బోటుకీ రేడియేటర్‌లో నీళ్లు మరిగి సగం ఆవిరైపోతున్నాయి. పగుళ్లు కావు, జగ్గారావు వేసిన మాటు చెక్కు చెదరలేదు. బండి మోయలేని పని చేస్తోంది, అంతే. ఆడవాళ్లు బోరింగు మోటారు దగ్గర నుంచి బిందెలు తెచ్చి పోస్తున్నారు. ఏడో బోటు పైకి చేరగానే, తుపాను కోసం ముందుజాగ్రత్తగా కరెంటు తీసేశారు. మోటారు ఆగింది. ఊళ్లో ఉన్నవి ఇళ్లలో పట్టి పెట్టుకున్న తాగే నీళ్లు మాత్రమే. ఒకామె ఆలోచించకుండా ఇంట్లోంచి నిండు బిందె ఎత్తుకొచ్చింది.

మామ ఆమెను ఆపేశాడు. "తుపాను ముందర తాగేనీళ్లు లారీకి పోస్తారామ్మా? బిడ్డలేం తాగల్ల? తీసకపో."

"మరేటి సేస్తారు బాబూ? ఇంకా నాలుగుండిపోనాయి."

మామ సముద్రం వైపు చూశాడు. "అన్ని నీళ్లు పెట్టుకుని అడగతారేంది? అవే పోయండి."

నేను విన్నది నమ్మలేకపోయాను. ఈ ప్రయాణానికి ముందు ఇరవై ఏళ్లలో ఆ రేడియేటర్‌కి ఆయన కొన్న నీళ్లు తప్ప పోయలేదు. ఇంట్లో మాకు బోరునీళ్లు, లారీకి శుద్ధజలం. అత్త సవతి అన్నది అందుకే.

"మామా, ఉప్పునీళ్లు మామా! రేడియేటరే కాదు, ఇంజను కూడా పోతుంది!"

"తెలుసమ్మీ."

"తెలిసీ పోయమంటావా?"

"పదకొండు బోట్లకు మాటిచ్చినా వానికి. ఏడు బోట్లకు కాదు."

ఆడవాళ్లు నీటి అంచు నుంచి లారీ దాకా వరస కట్టారు. బకెట్లు, బిందెలు, డేకిసాలు చేతులు మారి వచ్చాయి. ఆ వరసలో నేనూ నిలబడ్డాను, నా చేతులతోనే సముద్రాన్ని అందించాను. ఎనిమిది, తొమ్మిది, పది. పదకొండోది దానియేలుది. సరుగుడు తోట దాటి, మెట్ట మీదికి ఆ బోటు ముక్కు ఎక్కింది, అప్పుడే లారీలోంచి ఎముక విరిగినట్టు చప్పుడైంది. ఆవిరి కాదు, పొగ. మామ స్విచ్చి ఆపి, స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు.

గురువారం పొద్దున

ఊరంతా బాప్టిస్టు మిషను వాళ్ల చర్చిలో తలదాచుకుంది. తెల్లారి తలుపు తీస్తే నేను మళ్లీ నిలువునా నిర్ఘాంతపోయాను. ఎండ! గాలి లేదు. సన్నటి తుంపర రాత్రి పడి ఆగిపోయినట్టుంది. తుపాను సముద్రంలోనే బలం తగ్గి, ఒడిశా వైపు తిరిగి, ఉత్త వానగా మిగిలిపోయిందని ఫోనులో చెప్పారు. సముద్రం ఏమీ ఎరగనట్టు ఉంది. నీటి అంచునే ఉండి ఉన్నా ఆ పదకొండు బోట్లకూ చెక్క ముక్క ఊడేది కాదు.

మెట్ట మీద లారీ నిలబడి ఉంది. రేడియేటర్ రేకుల మీద తెల్లగా ఉప్పు పేరుకుంది. ఇంజను బిగుసుకుపోయింది, ఎంత తిప్పినా కదల్లేదు. ఊరి జనం ఒక్కొక్కరే వచ్చి, దూరంగా నిలబడి, మామ మొహం చూడలేక నేల చూశారు. సింహాచలం కళ్లు తుడుచుకుంటున్నాడు. నాకు సముద్రం మీద, వాతావరణం వాళ్ల మీద, అందరి మీదా ఒళ్లు మండిపోయింది.

దానియేలు లారీ ముందు బంపరు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "రానే రానేదు కదరా. ఊరికినే పిలిసినాను. ఊరికినే నీ లారీని సంపీసినానురా!"

మామ వచ్చి అతని ముందు నిలబడ్డాడు. ఆయన గొంతులో నిజంగానే ఆశ్చర్యం ఉంది.

"తుపాను రాలేదని ఏడస్తావేందిరా దానియేలూ?"

దానియేలు తలెత్తాడు. జనం కూడా తలెత్తారు. మామ అప్పటికే పంచె ఎగగట్టుకుంటున్నాడు.

"లెయ్. పదకొండు బోట్లున్యాయి. కిందికి దించేకి లారీ ల్యా, పొద్దుగూకతాది."

వెళ్లి మొదటి బోటుకి భుజం ఆన్చాడు. స్టెంట్లున్న గుండె అని ఆపబోయి మానుకున్నాను. చీర కొంగు నడుముకి బిగించి, వెళ్లి ఆయన పక్కన నేనూ భుజం పెట్టాను.